నా పొగ, వాళ్ళ కమిటీ

నేను ఒక ఇస్త్రీ పెట్టెని. కరెంటుది కాదు, బొగ్గులది. మూత తీసి నిప్పులు పోస్తే పని చేస్తాను. పోయకపోతే తలుపుకి అడ్డం పెట్టుకోవచ్చు. ఇంతకు మించి నాలో ఫీచర్లేవీ లేవు. అప్‌డేట్లు కూడా రావు. అయినా కాకినాడలో ఒక కమిటీ నా మీద ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ గౌరవం మీ ఫోనుకి దక్కి ఉండదు.

రాజమండ్రిలో ఇత్తడి కరిగించే ఒక పాకలో పుట్టాను. పగిలిన బిందెలు, నాలుక ఊడిన గంట, ఏదో పెళ్ళిలో సొట్టపడ్డ గంగాళం, అన్నీ కలిపి మూసలో పోశారు. అందుకే నాకు వంశం గురించి గొప్పలు లేవు. మొదట ఒక ప్లీడరు గారింట్లో నల్లకోట్లు ఇస్త్రీ చేశాను. గెలిచే కేసుకీ ఓడే కేసుకీ కోటు మడత ఒక్కలాగే పెట్టాను కాబట్టి, ఆ తీర్పుల్లో నా పాత్ర లేదు. ఇంట్లోకి కరెంటు పెట్టె రాగానే నన్ను అటకెక్కించారు. అటక మీంచి పాత సామాన్లవాడి సైకిలెక్కాను. అక్కడ నన్ను కొన్నది అచ్చియమ్మ అత్తగారు. ఆవిడ పోయాక నేనూ, తోపుడుబండీ, మోకాళ్ళ నొప్పులూ వరసగా అచ్చియమ్మకి వచ్చాయి.

మా చోటు మలయమారుతం రెసిడెన్సీ గేటు పక్కన. పేరుకి దక్షిణపు గాలి. వచ్చేది మాత్రం ఏసీల వెనక గాలి. నీడకి అచ్చియమ్మ ఒక నీలం పట్టా కట్టుకుంది. కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గు నాలో పోసి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ ఆ అపార్టుమెంటు పరువంతా ఆవిడే చదును చేసేది.

పోయిన వేసవిలో ఊళ్ళో అపార్టుమెంట్ల మధ్య పోటీ పెట్టారు. కర్బన ఉద్గారాలు ఎక్కువగా తగ్గించినవాళ్ళకి షీల్డు. షీల్డు అన్న మాట వినగానే మావాళ్ళకి భూగోళం మీద ప్రేమ పుట్టి, కమిటీ వేశారు. అధ్యక్షులు సోమయాజులు గారు, రిటైర్డ్ ఇంజనీరు. సభ్యురాలు పద్మజ గారు, రెండు కార్లున్నావిడ. లెక్కలు తేజస్వివి. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, ఎక్కడికెళ్ళినా ల్యాప్‌టాప్ చంకలోనే ఉంటుంది. సమావేశం గేటు పక్కన పార్కింగులో పెట్టారు కాబట్టి అంతా నాకు వినపడింది.

"మొదటి అంతస్తువాళ్ళు లిఫ్టు మానేస్తే?" అంది తేజస్వి.

మొదటి అంతస్తులో ఉండే సోమయాజులు గారు మోకాలు నిమురుకున్నారు. "అది తర్వాత చూద్దాం తల్లీ."

"పోనీ, రెండో కారు?"

"మా రెండోది కారు కాదమ్మా," అంది పద్మజ గారు. "చిన్నది."

"ఏసీలు ఇరవై ఆరులో పెట్టుకుంటే?"

"కాకినాడలోనా! మేమేమన్నా కుడుములమా, ఉడకబెట్టడానికి?" అంది మళ్ళీ ఆవిడే.

అప్పుడు గాలి మళ్ళింది. నా పొగ కాస్త వాళ్ళ టీ కప్పుల మీదుగా వెళ్ళింది.

"ఇదిగో!" సోమయాజులు గారు లేచి నిలబడ్డారు. "ఉద్గారమంటే ఇదీ! కళ్ళకి కనపడుతోంది!"

అందరూ నావైపు చూశారు. కార్ల పొగ బయట రోడ్డు మీద వదులుతారు. కరెంటు పొగ ఎక్కడో వేరే ఊళ్ళో వదులుతారు. నాకు ఆ తెలివి లేదు. పైగా అచ్చియమ్మ కమిటీలో లేదు. తీర్మానం టీ చల్లారేలోపే అయిపోయింది.

"కరెంటు పెట్టెకి మారిపోవచ్చు కదమ్మా," అన్నారు సోమయాజులు గారు అచ్చియమ్మని పిలిచి.

"ఆయ్, మారిపోతానండి. ప్లగ్గెక్కడండి?"

ప్లగ్గిస్తే అది ఉమ్మడి మీటరు మీద పడుతుంది. పడితే తేజస్వి పట్టికలో కనపడుతుంది. కనపడితే షీల్డు పోతుంది. కాబట్టి ప్లగ్గు లేదు. నీడకి కట్టిన పట్టా ప్లాస్టిక్కు కాబట్టి అదీ తీయించేశారు.

"మరెక్కడికెల్లమంటారండి?"

"ఎక్కడైనా పర్లేదమ్మా. గేటుకి కాస్త దూరంగా."

మేం మెయిన్ రోడ్డుకి అవతల, మూసున్న ఒక షాపు ముందు ఎండలో నిలబడ్డాం. దసరాకి అక్కడ బేకరీ పెడతారు, అప్పటిదాకా ఉండొచ్చన్నారు షాపువాళ్ళు. ఆ తర్వాత ఏం చెయ్యాలో అచ్చియమ్మకి తెలుసు. పక్కింటావిడ రొయ్యల షెడ్డుకి రమ్మని రోజూ పిలుస్తోంది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. ఆవిడ సాయంత్రాలు బండి సర్దేశాక వేళ్ళు ముడిచి తెరిచి చూసుకునేది. నిప్పుకి అలవాటు పడ్డ వేళ్ళు అవి.

మలయమారుతంలో పొగ పోయింది. నలిగిన బట్టలు పోలేదు. గంజి పెట్టిన నేతచీరకి నాలాంటి బరువు పడాలి. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, నా బరువు అలాంటిది. రోడ్డు మధ్యలో డివైడరు, దాని మీద ఇనుప కంచె. దాటడానికి లేదు. వంతెన దాకా వెళ్ళి యూటర్న్ తీసుకుని రావాలి. కాబట్టి బట్టలు కార్లలో రావడం మొదలెట్టాయి. పద్మజ గారు చీరలివ్వడానికి ఒకసారి, అయ్యాయో లేదో చూడడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి వచ్చేది. చిన్న కారులోనే లెండి. సోమయాజులు గారు తన పంచెని వెనక సీటులో పడుకోబెట్టి, నలగకుండా ఏసీ వేసి తీసుకెళ్ళేవారు.

ఇంతలో పోటీ పెట్టినవాళ్ళు బండ్ల తిరుగుడు లెక్క కూడా పంపమన్నారు. తేజస్వి అందరినీ అడిగి పట్టిక కట్టింది. అది చూసి కమిటీ అచ్చియమ్మకి కబురు పెట్టింది. ఇత్తడిని రోడ్డు మీద వదిలితే మళ్ళీ కనపడదు కాబట్టి, ఆవిడ నన్ను గోనెసంచిలో పెట్టుకుని వచ్చింది.

"అంకుల్, మన బండ్లు ఆఫీసులకంటే ఇస్త్రీకే ఎక్కువ తిరుగుతున్నాయి," అంది తేజస్వి.

పద్మజ గారు కారు తాళం పర్సులో వేసేసుకుంది.

"అంటే నడక దూరంలోనే ఇస్త్రీ ఉండాలన్నమాట," అన్నారు సోమయాజులు గారు నెమ్మదిగా. "కొత్త పథకం. బావుంది. ఎవరిదీ ఆలోచన?"

ఎవరూ చెప్పకపోయేసరికి అది ఆయనదే అయింది.

"మరి బొగ్గండీ?" అంది పద్మజ గారు.

"బొగ్గేంటమ్మా, కొబ్బరి చిప్పలు కదా! జీవ ఇంధనం అని రాయి తల్లీ."

సంచిలో నేను కదల్లేదు. పేరు మారినా నాలో బూడిద పాతదే.

"ఏమ్మా అచ్చియమ్మా, వచ్చేస్తావా మరి?"

బేకరీవాళ్ళు ఆ పొద్దునే ఓవెను దించారు. రేపటినుంచి బండి తీసెయ్యమన్నారు. ఆ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి నోరు లేదు.

"ఏవోనండి," అంది అచ్చియమ్మ. సంచి మూతి బిగించి పట్టుకుంది. "అక్కడ బేకరీ వత్తందండి. బేరాలు బాగుంటాయంటన్నారు."

"అయ్యో, శుక్రవారం మా ఇంట్లో పేరంటం!" అంది పద్మజ గారు. "ఏం కావాలో చెప్పవే!"

"నీడకి ఓ రేకు ముక్క ఏయించండి. పట్టా తీయించేసారు కదండీ, నెత్తి మాడిపోతంది."

"వేయిస్తాం," అన్నారు సోమయాజులు గారు.

"మళ్ళీ కమిటీ ఎడితే ముందే సెప్పండి బాబుగారూ. బొగ్గులు తక్కువ కొనుక్కుంటాను."

తేజస్వి ల్యాప్‌టాప్ వెనక్కి తల దించుకుంది. నవ్విందనుకుంటాను. నాకు అటువైపు కనపడదు.

మర్నాడు పొద్దున్నే పాత చోటుకి వచ్చేశాం. షీల్డు ఇంకో అపార్టుమెంటుకి వెళ్ళింది. వాళ్ళ గేటు దగ్గర రెండు ఇస్త్రీ బళ్ళుండేవట.

రేకు రాలేదు. దానికి ఇంకో సమావేశం కావాలట. బోర్డు మాత్రం వారంలో వచ్చింది. పెద్దది, మంచి ఇనుప రేకుది, ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు: 'మలయమారుతం హరిత సేవా కేంద్రం'. బండి ముందు నిలువుగా నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాకు బంతిపూల దండ వేసి ఫోటోలు తీసుకున్నారు. కొట్టిన చిప్పలు అచ్చియమ్మ పక్కన దాచింది.

వాళ్ళందరూ లిఫ్టెక్కారు, మొదటి అంతస్తాయనతో సహా. అచ్చియమ్మ నా దండ తీసి, బోర్డు కట్లు విప్పి, దాన్ని నాలుగు కర్రల మీద అడ్డంగా పడుకోబెట్టింది. కింద మా ఇద్దరికీ సరిపడా నీడ పడింది. అక్షరాలు పైకి ఉన్నాయి. కాకులు చదువుకుంటున్నాయి.