చింతపండుతో తోమిన పతకం

తూర్పుతీర విశ్వవిద్యాలయంలో దేముడమ్మ పదకొండేళ్లుగా తాత్కాలికంగా ఊడుస్తోంది. చీపుళ్లు మారాయి, వైస్ ఛాన్సలర్లు మారారు, ఆమె మాత్రం తాత్కాలికంగానే ఉండిపోయింది. స్టీలు ప్లాంటు ఇంకా శంకుస్థాపన రాయి దగ్గరే ఆగిన రోజులవి కనుక, ఆమె ఒక్కర్తే ఆగిపోయిందని ఎవరికీ అనిపించలేదు. ఈసారి స్నాతకోత్సవం కాగానే పర్మినెంటు ఆర్డరు మీద సంతకం పెడతానని రిజిస్ట్రారు శ్రీరామ్మూర్తి గారు మాటిచ్చారు.

రేపు స్నాతకోత్సవమనగా దఫేదారు సూరన్న ఇనపబీరువా తెరిచి, పట్టుగుడ్డలోంచి వీసీ గారి పతకం తీశాడు. ఎర్రగౌను మీద ఆ గొలుసు పతకం వేసుకుంటేనే వీసీ అన్న మనిషికి డిగ్రీలిచ్చే అర్హత వస్తుంది. మేలిమి బంగారమని ఏటా సభలో చెబుతారు. అరచేయంత బిళ్ల, దాని మీద పుస్తకం, దీపం, ఓడ. ఉప్పుగాలికి ఓడ నల్లబడి మునిగిపోయినట్టుంది.

“అప్పా, ఇది తళతళ్లాడాలంట. రిజిస్ట్రారు బాబు సెప్పినాడు.”

“ఓలమ్మ! దీన్ని నా సేతికిత్తన్నావేటి తమ్ముడూ?”

“బిందెలు తోమీదానివి, బిళ్ల తోమలేవేటి? కానీ, కానీ,” అని సూరన్న చుట్ట ముట్టించుకోవడానికి బయటికెళ్లాడు.

దేముడమ్మకి తోమడమంటే ఒక్కటే పద్ధతి. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. పెద్దవాళ్ల నగ కదా అని రెండింతలు బలం పెట్టింది. ఓడ తేలింది. ఇంకాస్త రుద్దితే ఎర్రబడింది. పుస్తకమూ ఎర్రబడింది. బంగారం కాస్తా చింతపండు నీళ్లతో తూములోకి పోయింది.

ఆర్డరు కూడా దాని వెనకే పోయిందనుకుంది దేముడమ్మ. సగం పచ్చగా, సగం ఎర్రగా ఉన్న బిళ్లని చూస్తే మరీ భయమేసింది. ఒకే రంగైనా ఉంటే మేలని, ఏడుస్తూనే గొలుసుతో సహా మొత్తం తోమేసింది.

శ్రీరామ్మూర్తి గారు చూసి కుర్చీలోంచి లేచారు.

“బంగారమేదే?”

“రుద్దితే పోయింది బాబూ.”

“బంగారం రుద్దితే పోతుందా?”

“నానూ అదే అనుకున్నాను బాబూ. మా అత్త పుస్తెలు నలభయ్యేళ్ల బట్టి రుద్దతన్నాది, పోనేదు.”

ఆయన ఫోను అందుకున్నారు. “పోలీసుల్ని పిలుస్తాను!”

“పిలండి బాబూ. నా ఇల్లంతా ఎతకమనండి. కంసాలినీ పిలండి. ముందునించీ ఇందులో ఏటున్నాదో ఆడే సెప్తాడు.”

కంసాలి మాట వినగానే శ్రీరామ్మూర్తి గారు ఫోను పెట్టేశారు. నాలుగేళ్ల కిందట ఆ పతకం చేయించిన కమిటీకి అధ్యక్షుడు తనే. మేలిమి బంగారమని మొదట చెప్పిన నోరూ తనదే.

మధ్యాహ్నానికి వీసీ గారి గదిలో పెద్దలు సమావేశమయ్యారు. తలుపు బయట గోడకానుకుని దేముడమ్మ నిలబడింది. లోపల రసాయనశాస్త్రం ప్రొఫెసరు, సముద్రపు గాలికి ఏ లోహమైనా మనసు మార్చుకోవచ్చన్నారు. చరిత్ర ప్రొఫెసరు, మన రాజుల శాసనాలన్నీ రాగిరేకుల మీదే ఉన్నాయి కనుక విద్యకు తగిన లోహం రాగేనన్నారు. వీసీ గారు అద్దంలో చూసుకుని, ఎర్రగౌనుకి ఎర్రపతకం నప్పిందన్నారు. దాంతో సమస్య తీరిపోయింది.

మర్నాడు మైకులో, “మన ప్రాచీన సంప్రదాయాన్ని పునరుద్ధరిస్తూ తామ్రపతకం” అని చదివితే హాలంతా చప్పట్లు. రెండు గంటల ఉక్కకి వీసీ గారి తెల్ల కాలరు మీద ఆకుపచ్చటి చిలుము మరక దిగింది. ముందు వరసలోవాళ్లు అదీ సంప్రదాయమేననుకున్నారు.

ఆ సాయంత్రమే శ్రీరామ్మూర్తి గారు దేముడమ్మని పిలిచి, కాగితం చేతిలో పెట్టారు. పదకొండేళ్లు కదలని ఆర్డరు ఒక్క పూటలో ఎందుకు కదిలిందో ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరూ నేల చూసుకున్నారు.

బయట సూరన్న చదివి పెట్టాడు. “పర్మినెంటే అప్పా! ఊడ్చుట, తుడుచుట, నీళ్లు పట్టుట. కింద సేత్తో రాసినాడు... ఈమె ఏ లోహమునూ తోమరాదు.”

దేముడమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

“మరి నా బొక్కెనో తమ్ముడూ? ఇనపదే గదా. ఓసారి లోపలికెళ్లి అడుగు.”