గీత దిద్దే పని

మెదడు స్కాన్ల మీద సాఫ్ట్‌వేర్ గీసే గీతల్ని దిద్దడం ఆమె ఉద్యోగం. మెదడు అంచు వెంట పోవాల్సిన గీత ఒక్కోసారి పైపొరను కూడా మెదడే అనుకుని బయటికి ఎగబాకుతుంది, ఇంకోసారి ఉన్న మెదడునే వదిలేసి లోపలికి జారుతుంది. జారినచోట ఆమె చుక్కలు పెడితే, సాఫ్ట్‌వేర్ వాటిని పట్టుకుని మళ్ళీ గీస్తుంది. పొద్దుటినుంచీ ఇదే. కళ్ళు మండుతున్నాయి, మెడ పట్టేసింది.

"దీనికెన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కి చావదు," అని విసుక్కుంటూ, గీత లోపలికి పోయిన చోటల్లా టకటకా చుక్కలు పెట్టేసింది.

పని సరిచూసే అక్క వెనక నిలబడి స్క్రీన్ మీదికి వంగింది.

"ఈయన వయసెంతే?"

"ఎనభై దాటాయక్కా."

"మరి కుర్రాడి మెదడు గీసిపెట్టావేంటి?"

ఆమె తను పెట్టిన చుక్కలు కనబడకుండా చేసి, అడుగునున్న స్కాన్ చూసింది. గీత జారలేదు. పెద్దాయన మెదడే అక్కడ కుంచించుకుపోయింది. సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టే గీసింది. నిండుగా ఉంటేనే మెదడనే అలవాటులో ఆమె చెయ్యే దాన్ని పూడ్చేసింది.

చుక్కలు ఒక్కొక్కటే చెరిపింది. ఆయన వయసు ఆయనకి అప్పజెప్పి లేచేసరికి, తనకే ఎనభై దాటినట్టుంది.