నంది తొడుగు

కారు నెత్తిన చేప రెక్కలాగా నల్లగా ఒకటి లేచి ఉంటది చూశారా, దాన్ని మా ఆయన మొదటి రోజు నుంచీ మూపురం అనే అన్నాడు. కొత్త కారు నరసరావుపేటలో మా గుమ్మం ముందు నిలబడంగానే దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమే, నంది మూపురంలాగా లేదూ!" అన్నాడు. లేదంటే ఊరుకుంటాడా? పుల్లారావు ఒకటి అనుకున్నాడంటే కోటప్పకొండ మీద స్వామి దిగొచ్చి చెప్పినా వినడు.

శివరాత్రి ముందర ఇత్తడి పనాయన దగ్గరికి పోయి, ఆ రెక్కకి సరిపోయే తొడుగు చేయించుకొచ్చాడు. గుళ్ళో రాతి విగ్రహానికి వేస్తారే, అట్టాంటిది. ముందు నంది మొహం, వెనక మూపురం, మెళ్ళో చిన్న గంట. లోపల జిగురు టేపు వేసి గట్టిగా అదిమాడు. పసుపు కుంకాలు నేనే పెట్టాను. బాగుంది కూడా, అబద్ధమెందుకు. బజార్లో పోతుంటే ముసలోళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు.

అదే వారంలో వెనక సీటు దగ్గర స్పీకర్లు పెట్టించాడు. పెట్టింది ఐజాజ్. మా పక్కింటి మాబున్నీసా కొడుకు. ఆమె నన్ను వదినా అంటది, వాడు అత్తా అంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఒకరి దగ్గర పనిచేసి చేసి, ఈ మధ్యనే వినుకొండ రోడ్డులో సొంతంగా కారు సామాన్ల షాపు పెట్టుకున్నాడు.

అప్పట్నుంచీ రేడియో చెడింది. వ్యవసాయం కబుర్లు వింటా పొలం పోవటం మా ఆయనకి అలవాటు. పెట్టంగానే పోపు వేసినట్టు చుయ్యిమనటమే గానీ మాట లేదు. శాటిలైటుని చూసి దారి చెప్పే బొమ్మ ఒకటుంది కార్లో, దానిగ్గూడా మతిపోయింది. కృష్ణ ఒడ్డున విజయపురి సౌత్ బస్టాండులో నిలబడితే ఏటి నడిమధ్యలో ఉన్నామని చూపించింది. "మునిగిపోయాం పో" అని నేను నవ్వాను. ఆయన నవ్వలా.

ఐజాజ్ చూశాడు. పక్కన మేడలుంటే సిగ్నలు అందదేమోనని బయట మైదానంలోకి తోలుకెళ్ళి చూశాడు. స్పీకర్లు పీకేసి చూశాడు. లోపల తీగె ఊడిందేమోనని బిగించాడు, ఆఖరికి తీగే మార్చాడు. మధ్యమధ్యలో కారు నెత్తికేసి చూస్తాడు, ఏదో చెప్పబోతాడు, తల గోక్కుంటాడు. "ఇంకొకసారి చూద్దాం మామా" అంటాడు.

ఆ ఇంకొకసారి రోజున నేనూ కార్లోనే ఉన్నా. షాపు ముందు నలుగురు టీ తాగతన్నారు. శావల్యాపురం నుంచి ఆరోగ్యస్వామి అనే ఆయన వచ్చున్నాడు. స్కూలు వ్యాన్లు తిప్పుతాడు. వ్యాన్లన్నిటికీ కెమెరాలు పెట్టించే పని ఐజాజ్‌కి ఇద్దామని మాట్లాడుకుంటన్నారు. రేడియో మళ్ళీ చుయ్యిమంది. మా ఆయనకి తిక్క రేగింది.

"ఒరేయ్, నీ చెయ్యి పడకముందు పాడింది గదరా ఇది! కంపెనీ సరుకు తీసేసుకుని, పాతది తగిలించావు. మామా మామా అంటానే దొంగతనం చేస్తావంట్రా?"

ఐజాజ్ చేతిలో స్క్రూడ్రైవర్ అట్టాగే ఉంది. "నేనట్టాంటోణ్ణి కాదు మామా" అన్నాడు, అంతే. ఆరోగ్యస్వామి టీ గ్లాసు కింద పెట్టి, "పనుంది, మళ్ళీ వస్తాలే" అని పోయాడు. నేను సీట్లో కూర్చుని చీర కొంగు సర్దుకున్నాను. నోరెత్తలా. ఆ పిల్లోడు నా కళ్ళ ముందు పాకినోడు.

తర్వాతి సోమవారం తొడుగుకి చిలుం పట్టిందని చింతపండు పెట్టి తోముదామనుకున్నా. ఎండకి టేపు కరిగి ఉంది, లాగితే ఊడొచ్చింది. కార్లో మా ఆయన రేడియో మీటలతో కుస్తీ పడతన్నాడు. తొడుగు నా చేతికి రావటం, లోపలి నుంచి పత్తికి గులాబీ పురుగు ఎట్టా పడుద్దో ఎవరో గడగడా చెప్పటం, రెండూ ఒకేసారి.

"ఏం చేశావే?" అని అరిచాడు.

"ఏం చెయ్యలా. నందిని తీశా."

మళ్ళీ పెట్టా. చుయ్యి. తీశా. గులాబీ పురుగు. ఆ మూపురంలోనే ఉందంట గాలిలోంచి మాటనీ దారినీ పట్టేది. దానికి మేం ఇత్తడి గిన్నె బోర్లించి పూజ చేశాం. మా ఆయన రేడియో ఆపేసి, తువ్వాలుతో స్టీరింగు తుడవటం మొదలుపెట్టాడు.

"పద, ఐజాజ్ దగ్గరికి" అన్నా.

"సాయంత్రం పోదాం లేవే."

"సాయంత్రానికి తప్పు తగ్గుద్దా?"

తొడుగు తువ్వాల్లో చుట్టి తీసుకుపోయాం. చూపించంగానే ఐజాజ్‌కి అర్థమైంది. అందుకోబోయి ఆగాడు. "చేతులకి గ్రీజుంది, కడుక్కొస్తా ఉండండి." కడుక్కొచ్చి, రెండు చేతులతో తీసుకుని, బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి పెట్టాడు.

"నీకు ముందే తెలుసంట్రా?" అన్నాడు మా ఆయన.

"మొదటి రోజే అనుకున్నా మామా."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"తీసెయ్యమని నేనంటే బాగుండదు మామా. సాయిబు నందిని తీయించాడంటారు. మీరనరు. వినేవాళ్ళంటారు. తీగె వల్లేమోలే, అదే బాగుపడుద్దేమో అని చూశా."

దొంగ అనిపించుకున్నాడు గానీ ఆ మాట అనలా. మీరనరు అన్నాడే, అది గుచ్చుకుంది నాకు. మా ఆయన నోట్లో నోట్లోనే ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు" అన్నా. "దొంగన్నప్పుడు రోడ్డంతా వినపడిందిగా."

ఎర్రబడ్డాడు. టీ కొట్టు వైపు తిరిగి, "తప్పు నాది! ఈ పిల్లోడు నా వస్తువు ఏదీ తీయలా!" అని అరిచాడు. బెంచీ మీద ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఏం జరిగిందో తెలియక వాళ్ళలో వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆ రోజు విన్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు.

"పోనీలే మామా, టీ తాగండి" అన్నాడు ఐజాజ్.

తాగలా. అట్నుంచటే శావల్యాపురం పోయాం. ఆరోగ్యస్వామి ఇంటి ముందు వ్యాన్లు వరసగా ఆగున్నాయి. ఒకదాని మీద ఎవడో ఎక్కి కెమెరా బిగిస్తన్నాడు. అది చూడంగానే నాకు సంగతి అర్థమైపోయింది. మా ఆయన అయినా దిగాడు. నిలబడే చెప్పాడు అంతా. తొడుగు సంగతి, చింతపండు సంగతి, తను అన్న మాట సంగతి.

ఆరోగ్యస్వామి నవ్వలా, కోప్పడలా. "అయ్యో, ఆ పని నిన్ననే ఇంకొకరికి ఇచ్చానండి. ఆ కుర్రాడికే ఇద్దామనుకున్నా. మీ అంతటి పెద్దమనిషి ఊరికే అనరు గదా అని..." అని ఆపేశాడు. "మజ్జిగ తాగుతారా?" అన్నాడు.

కారెక్కాక మా ఆయన "పెద్దమనిషంట, పెద్దమనిషి" అని తనని తనే తిట్టుకుంటా తోలాడు. పేటలోకి వచ్చేముందు చుట్టు దారి పట్టబోయాడు. ఎందుకో నాకు తెలుసు. షాపు తగలకుండా పోవటానికి.

"అటు కాదు" అన్నా. "వాడి షాపు మీదగానే పోనియ్. ఆ పని పోయిందని వాడికింకా తెలియదు. మన వల్ల పోయిందని మన నోటితోనే చెప్పాలి."

"నువ్వు చెప్తావా?"

"ఆ రోజు పక్కనే కూర్చుని ఊరుకుంది నేనేగా. ఇద్దరం చెబుదాం."

ఆయన కారు షాపు వైపు తిప్పాడు.