ముడి వెయ్యని పిట్టలు

ఆ ఇంట్లో పొద్దున్నే పక్కలెత్తే పని పెద్దకోడలిది. దుప్పటి మడిచే ముందు మెల్లగా రెండుసార్లు విదిలించేది, అంచున ఉన్న పిట్టలు మధ్యకి జరిగి సర్దుకునేదాకా. ఆమె కుట్టిన పిట్టలు ఒకచోట ఉండవు. పడుకునేటప్పుడు కాళ్ళ వైపున్నవి తెల్లారేసరికి తలగడ దగ్గరికి చేరతాయి. బట్టలు ఇస్త్రీ చేసే రోజున అత్తగారు వంటింట్లోంచే కేకేసేది: "అవి పూర్తిగా లేచాయో లేదో చూసి పెట్టవే ఇస్త్రీ పెట్టె!" అంతకుమించి వాటి గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. కర్టెన్ మీద పిట్ట కనబడకపోతే దాని మడతల్లో వెతికేవాళ్ళు, అంతే.

పెద్దకోడలు పదిహేడేళ్ళుగా ఒక టైలరింగ్ షాపులో ఎంబ్రాయిడరీ పని చేస్తోంది. స్కూలు చొక్కాల జేబుల మీద ముద్రలు, హోటల్ తువ్వాళ్ళ మీద పేర్లు. పిట్టలు మాత్రం ఇంటికొచ్చాక, తన సరదా కోసం. చిన్నకోడలు ఆ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. కాలేజీలో కంప్యూటర్ మీద బొమ్మలు కదిలించడం నేర్పుతుంది. తోడికోడళ్ళిద్దరికీ బాగానే పడేది. ఒకరు కూరలు తరిగితే ఒకరు గిన్నెలు కడిగేవాళ్ళు. అత్తగారి మీద చాడీలు కూడా సమానంగానే చెప్పుకునేవాళ్ళు.

ఊళ్ళో మూతపడ్డ కోల్డ్ స్టోరేజీని అప్పుడే కళాకారుల కేంద్రంగా మార్చారు. ఒక రోజు దాని తలుపు మీద ప్రకటన అంటించారు. ఇక్కడి కళాకారుల్లో ఒకరు సముద్రం అవతలి కేంద్రానికి వెళ్ళి మూడు నెలలు ఉండాలి. అక్కణ్ణించి ఒకరు ఇక్కడికి రావాలి. చేతిపనిలోకి కంప్యూటర్‌ని ఎలా తేవచ్చో చేసి చూపించాలి.

"అక్కా, నువ్వు కూడా పెట్టు," అంది చిన్నకోడలు. తన దరఖాస్తుతో పాటు పెద్దకోడలిదీ తనే నింపింది. దుప్పటిని వీడియో తీసింది. 'వాడే సాఫ్ట్‌వేర్' అన్న గడి దగ్గర ఆగి, "ఇక్కడేం రాయమంటావు?" అనడిగింది.

"సూది అని రాయి."

నెలకి జవాబొచ్చింది. చిన్నకోడల్ని తీసుకున్నారు. పెద్దకోడలికి రెండు ముక్కలు రాశారు: కదలిక బాగుంది, సాంకేతిక వివరాలు అసంపూర్ణం.

"పోనీలే," అంది పెద్దకోడలు, నవ్వుతూ. ఆ నవ్వు సాయంత్రందాకా మొహానికి అతుక్కునే ఉంది. దవడలు నొప్పెట్టాయి.

ఆ తర్వాత మూడు వారాలు ఆమెకి నరకమే. తినే బల్ల మీద చిన్నకోడలి పెట్టె నోరు తెరుచుకుని ఉండేది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు వచ్చి అభినందించి పోయేవాళ్ళు. వెళ్ళేటప్పుడు, "నీ చేతి టీ భలే ఉంటుందమ్మా," అని పెద్దకోడలికి ఒక మాట పడేసేవాళ్ళు. మొగుడు ఓదార్చబోయాడు. "నీకేం తక్కువ? నీ షాపు నీకుంది." ఆ మాటకి ఆమె కడుపులో మంట నెత్తికెక్కింది. తన పిట్టలు పదిహేడేళ్ళుగా ఎగురుతున్నాయి, ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆ పిల్ల కంప్యూటర్ మీద వారం రోజులు కుస్తీపట్టి ఒక్క రెక్క ఆడిస్తే దేశాలు పిలుస్తున్నాయి.

ప్రయాణం దగ్గర పడుతుండగా చిన్నకోడలు మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నీ పిట్టల గుడ్డ ఒకటి కుట్టి ఇస్తావా? అవి ఎలా తిరుగుతాయో అక్కడ స్కానర్‌తో పట్టి, ఆ దారుల్ని గోడ నిండా గీతలుగా చూపిస్తాను. నా పనంతా దాని మీదే."

అత్తగారు వింటోంది. కాదనడానికి లేదు.

పెద్దకోడలు ఇరవై మూడు పిట్టల్ని కుట్టింది. అంత అందంగా ఎప్పుడూ కుట్టలేదు. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. గుడ్డ వెనక దారం చివర ముడి వెయ్యలేదు. ముడి వేసిన పిట్ట ఆ గుడ్డ మీదే తిరుగుతుంది. వెయ్యని పిట్ట ఎంత దూరాన్నించైనా కుట్టిన చేతిని వెతుక్కుంటూ వచ్చేస్తుంది. అది ఆమెకి చిన్నప్పట్నించీ తెలుసు. గుడ్డని కాగితంలో చుట్టి ఇస్తున్నప్పుడు చిన్నకోడలు ఆమెని గట్టిగా కావలించుకుంది. పెద్దకోడలి చేతులు రెండూ కిందకే వేలాడుతున్నాయి.

చిన్నకోడలు వెళ్ళిన పదో రోజున మొదటి పిట్ట వంటింటి కర్టెన్ మీద వాలింది. వారం తిరిగేసరికి ఇరవై మూడూ వచ్చేశాయి.

"పాపం, అలిసిపోయినట్టున్నాయి. కాస్త నీడన ఆరెయ్యి ఆ కర్టెన్," అంది అత్తగారు. పెద్దకోడలు ఆ రోజు కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది.

మర్నాడు ఫోనొచ్చింది. తెర మీద చిన్నకోడలి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అక్కా, పిట్టలు వెళ్ళిపోయాయి. ఒక్కటీ లేదు. అక్కడికొచ్చాయా?"

"నేను చూళ్ళేదే," అంది పెద్దకోడలు. తన వెనక కర్టెన్ కనబడకుండా కుర్చీ జరుపుకుంది.

"ఇంకో ఇరవై ఐదు రోజుల్లో అందరికీ చూపించాలి. చూపించడానికేం లేకపోతే గది ఖాళీ చెయ్యమన్నారు. ఏం చెయ్యను?"

"నాకేం తెలుసమ్మా కంప్యూటర్ల సంగతి?"

ఆ మాట అన్నందుకు ఒక పూటంతా హాయిగా ఉంది. ఒక్క పూటే.

అవతలి దేశం నించి ఇక్కడికి వచ్చినామె, యాభై దాటిన పొడుగాటి మనిషి, ఆ వారమే కుట్టు నేర్చుకుంటానని షాపుకి రావడం మొదలుపెట్టింది. ఆమెకి మన భాష రాదు. ఫోన్లో ఏదో చెబితే ఫోను దాన్ని తెలుగులో అప్పజెప్పేది. ఒక మధ్యాహ్నం దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆమె సూది బల్ల మీద పడేసి ఫోన్లో గబగబా ఏదో అంది. ఫోను పాఠం చదివినట్టు చెప్పింది: "అక్కడ నా గదిని మీ ఇంటి అమ్మాయికి ఇచ్చారు. నా బల్ల. నా కిటికీ. ఆమె రోజూ ఫోటోలు పెడుతుంది. నాకు నిద్ర లేదు. ఆమె పని చెడిపోయిందని నిన్న తెలిసింది. నేను సంతోషించాను. నా మీద నాకు అసహ్యంగా ఉంది."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఈవిడ గది పోయినందుకు కుళ్ళుకుంటోంది, చేసిందేం లేదు. తను చేసింది. అదీ, ఆ పిల్ల అడిగి కుట్టించుకున్న గుడ్డలో.

"నేను ముడులు వెయ్యలేదు," అంది ఫోను దగ్గరికి వంగి. ఫోను దాన్ని ఆవిడ భాషలోకి మార్చింది. ఆవిడ పెద్దకోడలి చేతుల వైపు చూసింది.

ఆ సాయంత్రం పెద్దకోడలే ఫోన్ చేసింది. ఎదురుగా మొగుడూ, అత్తగారూ లేకుండా, మేడ మెట్ల మీద కూర్చుని.

"పిట్టలు ఇక్కడే ఉన్నాయి. ముడులు కావాలనే వెయ్యలేదు."



"ఎందుకక్కా?"

"నిన్ను చూస్తే ఓర్వలేకపోయాను."

"నీ మొహం చూడాలని లేదు నాకు," అంది చిన్నకోడలు. "వాటిని మళ్ళీ పంపించు."

"ఒకసారి ఎగిరొచ్చిన పిట్ట ముడికి లొంగదు. కొత్తవి కుట్టి పంపాలంటే రోజులు చాలవు. నేనెక్కడుంటే అవక్కడికే వస్తాయి."

"అయితే నువ్వే రా."

పొడుగావిడ తన దేశానికి ఫోన్ మీద ఫోన్ కొట్టింది. కళాకారుల జాబితా ఎప్పుడో మూసేశారట. పరికరాల జాబితా మాత్రం తెరిచే ఉంది. కాబట్టి కాగితం మీద ఇలా వచ్చింది: స్కానర్ ఒకటి, ప్రొజెక్టర్లు రెండు, తోడికోడలు ఒకరు. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "జాగ్రత్తగా ప్యాక్ చేస్తారో లేదో," అని నవ్వింది.

అక్కడ మొదటి రెండు రోజులు చిన్నకోడలు ఆమెతో మాట్లాడలేదు. అవసరమైతే చీటీ మీద రాసి బల్ల మీద పెట్టేది: 'కుర్చీ ఎడమకి', 'టీ ఫ్లాస్కులో ఉంది'. మూడో రోజు పిట్టలు ఒక్కొక్కటే కిటికీలోంచి వచ్చి పెద్దకోడలి ఒళ్ళో ఉన్న తెల్లగుడ్డ మీద వాలాయి. స్కానర్ వాటి వెంట తిరిగింది. గోడ మీద గీతలు మొదలయ్యాయి. చిన్నకోడలికి కోపం మరిచిపోయేంత పని తగిలింది.

"అక్కా, చెయ్యి కొంచెం నిదానంగా ఆడించు," అంది. అలా మాట కలిసింది.

ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. గోడ మీద గీతలు అలల్లా సాగుతున్నాయి. వచ్చినవాళ్ళు వాటిని చూశారు, బాగుందన్నారు. ఆ తర్వాత కుర్చీలు లాక్కుని పెద్దకోడలి చుట్టూ చేరారు. పిట్టలు ఎగురుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. మెడ దగ్గర కుట్టు అంత చిన్నగా ఎలా వస్తుంది, బొటనవేలు ఎందుకలా మడుస్తావు, దారం ఎక్కడ బిగిస్తావు, ఎక్కడ వదులుతావు, ఇవీ వాళ్ళడిగినవి. పొద్దువాలేదాకా అడుగుతూనే ఉన్నారు. ప్రొజెక్టర్ పక్కన చిన్నకోడలు ఒక్కతే నిలబడి ఉంది.

కేంద్రం పెద్దాయన మర్నాడు పిలిచి, ఏడాదిపాటు ఉండమని పెద్దకోడల్ని అడిగాడు. యంత్రాలు తయారుచేసేవాళ్ళకి చెయ్యి ఎలా ఆలోచిస్తుందో చూపించాలట. ఈసారి కళాకారుల జాబితాలోనే. ఆమె మొగుడికి ఫోన్ చేసింది. అతను కాసేపు నసిగి, "ఏడాదేగా," అన్నాడు. పిట్టలు కూడా ఆమెతోనే ఉండిపోయాయి.

మూడు నెలలు నిండాక చిన్నకోడలు ఒక్కతే తిరిగొచ్చింది. పెట్టె గుమ్మం దగ్గరే వదిలేసి అత్తగారి ఎదురుగా కూలబడింది.

"బాగా జరిగిందటగా. మరి ఆ మొహమేమిటి? దాని మీద కోపమా?" అంది అత్తగారు.

"కోపం ఎప్పుడో పోయిందత్తయ్యా. కుళ్ళు." చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. "దరఖాస్తు నేను నింపాను. తనని నేను రమ్మన్నాను. ఇప్పుడు నా బల్ల దగ్గర తను కూర్చుంది. విమానంలో ఒక్క ముద్ద దిగలేదు నాకు."

అత్తగారు ఆశ్చర్యపోలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకూ ఒక తోడికోడలుండేది. పాడేది. నేనూ పాడేదాన్ని, కానీ అందరూ దాన్నే పాడమనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నాకు తగ్గడానికి అది చచ్చిపోవాల్సొచ్చింది. చచ్చిపోయాక చెబుదామంటే ఎవరికి చెప్పను?" ఫోను తీసి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వు అందాకా ఉంచుకోకు."

చిన్నకోడలు నంబరు నొక్కింది. పెద్దకోడలు ఎత్తింది.

"చేరావా? తిన్నావా?"

"నిన్ను చూస్తే ఓర్వలేకపోతున్నానక్కా."

అటువైపు కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"ఎంతుందో చెప్పు," అంది పెద్దకోడలు. "ఏదీ దాచకుండా చెప్పు. నాకివాళ పనేం లేదు."