నూనె పట్టిన తుపాకులు

మా ఆయన ఎరిబెర్తోకి తెలియని నూనె ఈ భూమ్మీద లేదు. ట్రాక్టర్లకీ మోటారు సైకిళ్ళకీ విడిభాగాలు అమ్మే కొట్టు మాది. గేరుబాక్సులో పోసేది, చెయినుకి పూసేది, తుప్పుపట్టిన బోల్టు మీద కొడితే మర్నాటికి వదులయ్యేది, అన్నీ అల్మారాలో వరసగా ఉంటాయి. ఎవరైనా తలుపు కిర్రుమంటోందని అంటే చాలు, భోజనం మధ్యలో లేచి వెళ్తాడు. ఇలాంటి మనిషి కార్నివాల్ తుపాకుల జోలికి ఇన్నేళ్ళూ ఎలా రాలేదా అన్నదే ఆశ్చర్యం. ఈ ఏడు వచ్చాడు.

ఈస్టరు ఉపవాసాల ముందు వచ్చే ఆ మూడు కార్నివాల్ రోజులూ మా ఊరి మగాళ్ళు పటాలాలుగా చీలిపోయి, రంగురంగుల దుస్తులేసుకుని, ఒకళ్ళ మీదికి ఒకళ్ళు ఉత్త మందు పేల్చుకుంటారు. గుండు ఉండదు. మూతిలోంచి మందు పోసి, కాగితం కుక్కి, కడ్డీతో దట్టించి, వెనక రాగి టోపీ పెట్టి పేల్చే నాటు తుపాకులు. వాటిని కడిగే పద్ధతి మా నాన్న కాలం నుంచీ ఒకటే. మరిగే సబ్బునీళ్ళు గొట్టంలో పోసి, గుడ్డ చుట్టిన కడ్డీతో తోమి, ఎండలో పెట్టి, గొడ్డు కొవ్వూ తేనెమైనమూ కలిపి కాచిన ముద్దని పల్చగా రాయడం. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ కార్నివాల్ అంటే నాకు ఆ కొవ్వు కంపే.

కంపుతో మా ఆయనకి గొడవ లేదు. గొడవంతా నీళ్ళతో. ఇనుములో నీళ్ళు పోసేవాళ్ళని ఆయన మనుషుల్లో లెక్కవేయడు. ఈ ఏడు పటాలంలో తన దళానికి ఆయన్నే నాయకుణ్ణి చేశారు. ఆదివారం పొద్దున చర్చి మైదానంలో మొదటి పేలుడు వాళ్ళదే. ఇంకేముంది, తుపాకులకి సరైన నూనె వెతకడం మొదలుపెట్టాడు.

జనవరి అంతా మా పెరడు ప్రయోగశాల అయిపోయింది. ఒక్కో మేకుకి ఒక్కో నూనె పూసి, పలక మీద వరసగా పేర్చి, రాత్రంతా మంచులో వదిలేసేవాడు. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని తుప్పు వెతికేవాడు. కుట్టుమిషను నూనె తొందరగానే ఓడిపోయింది. గేరు నూనె మరీ జిగురట. కొవ్వు ముద్ద పూసిన మేకు కూడా ఒకటి పెట్టవయ్యా అంటే, అది పరీక్షకి కూడా పనికిరాదన్నాడు. చివరికి గొట్టం లోపల కడగడానికి కార్బొరేటర్లు శుభ్రం చేసే ద్రవం, పూయడానికి పసుపు డబ్బాలో వచ్చే విదేశీ నూనె ఖాయం చేశాడు. ఆ డబ్బా మీద జింక బొమ్మ, పక్కన కొత్తరకం రైఫిల్ బొమ్మ ఉన్నాయి. మిగతాదంతా ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదు. ఆయనకీ రాదు.

శనివారం దళమంతా తుపాకులు మోసుకుని కొట్టుకి వచ్చింది. ఒక్కోదాన్నీ తనే చేతిలోకి తీసుకుని, ద్రవంతో కడిగి, గొట్టంలోకి నూనె తుస్సుమని కొట్టి, ఇంకోసారి కొట్టి, గోడకి ఆనించి నిలబెట్టాడు. నీళ్ళు చూసిన ఇనుముకి ఆయుష్షు తక్కువని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. తుపాకులు పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతుంటే, నిజం చెప్పాలి కదా, నాకూ గర్వంగానే అనిపించింది. అందరికీ మొక్కజొన్న పిండి తమాలెలు వేడిచేసి పెట్టాను.

ఆదివారం ఊరంతా మైదానంలోనే ఉంది. మా ఆయన కత్తి ఎత్తాడు, దించాడు. టోపీలు టప్ టప్ మన్నాయి. అంతే, ఒక్క తుపాకీ కూడా పేలలేదు. చివర్లో ఒకటి మాత్రం పచ్చి కట్టె పెట్టిన పొయ్యిలా పొగ కక్కి ఊరుకుంది. మళ్ళీ టోపీలు పెట్టారు, మళ్ళీ అంతే. ఎదుటి పటాలం వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. తుపాకులు తెచ్చారా, ఈలలు తెచ్చారా అని ఒకడు అడిగితే, ఇంట్లో చీపుళ్ళుంటే అవి తెచ్చుకోండని ఇంకొకడు. నేల చీలితే దూరిపోదామనిపించింది నాకు.

పటాలం పెద్ద దోన్ కందెలారియో గుర్రం దిగి వచ్చి, ఏమైందని అడిగాడు.

"మందులో మోసముంది" అన్నాడు మా ఆయన, అందరికీ వినపడేలా. "సూరేకారం తగ్గించి బొగ్గు కలిపింది. ఇలాంటి మందుకి తుపాకులేం చేస్తాయి?"

మందు చేసేది దోన్యా ఎఫిహేనియా. మొగుడు పోయాక ఆ పని వదలకుండా, ఊరి బయట రేకుల పాకలో ఒక్కతే నూరుకుంటుంది. ఏడాదంతా ఆమె తినేది ఈ మూడు రోజులు అమ్మిన మందు మీదే. మా పెద్దమ్మాయికి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు ఎత్తుకున్నది కూడా ఆమే. అందుకే ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం, తోబుట్టువుల్లాగా.

మైదానం మూలన మందు పొట్లాలు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ మాట విని లేచి వచ్చింది. మా ఆయన నడుముకి వేలాడే మందు కొమ్ములోంచి చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. రాతి మీద పోసి నిప్పు చూపించింది. భగ్గుమంది.

"బానే ఉంది కదా నాయనా" అంది.

"నేలమీద ఏదైనా మండుతుంది దోన్యా. గొట్టంలో పేలాలి."

జనం నవ్వారు. నూనెలూ ఇనుమూ తెలిసిన మనిషి చెబుతున్నాడు మరి, నమ్మక ఏం చేస్తారు. ఆమె ఇంకేదో అనబోయింది. ఈలోగా ఎదుటి పటాలం పేల్చడంతో ఆ మాట పొగలో కలిసిపోయింది. వెనక్కి వెళ్ళి తన పొట్లాల దగ్గర కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన తుపాకీని మంచం మీద పడేసి ముసుగు పెట్టాడు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పేలని మందు లోపల ఉంటే మంచిది కాదని, పుట్టింటి అలవాటు కొద్దీ టోపీ తీసేసి, నీళ్ళు కాచి గొట్టంలో పోశాను. నల్లటి నీళ్ళు రావాలి. రోడ్డు మీద పోసే తారులాంటి ముద్ద వచ్చింది. జిగురు, మెరుపు, పసుపు డబ్బా వాసన. రాత్రంతా నిలబెట్టిన గొట్టంలో నూనె మొత్తం అడుగుకి దిగి, పోసిన మందునంతా తడిపేసింది. సబ్బు రాసి తోమినా వదలదే. ఆ ముద్దని గిన్నెలో వేసి, తీసుకెళ్ళి ఆయన మొహం ముందు పెట్టాను.

ముద్దని వేలితో నలిపి చూశాడు. "నాకేం తెలుసే నికా, ఇప్పుడే కదా చూస్తున్నా" అన్నాడు. అని, నా చెయ్యి పట్టుకుని, కార్నివాల్ అయిపోనివ్వమన్నాడు. ఇప్పుడు చెబితే దళం పరువు పోతుందట. తర్వాత నెమ్మదిగా తనే వెళ్ళి ఆవిడకి చెప్తాడట, కొవ్వొత్తులూ మంచి దుప్పటీ కొనిస్తాడట. పరువు ఎవరిదని నేను అడగాల్సింది. అడగలేదు. పొద్దున మైదానంలో వాళ్ళు నవ్విన నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. ఇంకోసారి ఆ నవ్వు వినే ఓపిక నాకు లేదు.

సోమవారం తెల్లారకముందే దళాన్ని పిలిచి, చెడ్డ మందు వదిలిపోవాలని చెప్పి, తుపాకులన్నీ సబ్బునీళ్ళతో కడిగించాడు. నీళ్ళంటే పడని మనిషి దగ్గరుండి మరీ కాయించాడు. పక్క ఊరి నుంచి వేరే మందు తెప్పించాడు. ఆ రోజు వాళ్ళ తుపాకులు ఉరిమినట్టు పేలాయి. చూశారా, తప్పు మందుదేనని ఊరంతా తీర్మానించేసింది. మా తప్పు కడుక్కోవడంతోనే ఆమె తప్పు రుజువైపోయింది.

మధ్యాహ్నం అన్నం తీసుకుని మైదానానికి వెళ్ళాను. దోన్యా ఎఫిహేనియా దగ్గర మనుషులు వరస కట్టి ఉన్నారు, కొనడానికి కాదు, ముందే కొన్న పొట్లాలు తిరిగివ్వడానికి. ఒక్కో పొట్లం తీసుకుని, తూచి, డబ్బు తిరిగిచ్చేస్తోంది. వాదించడం లేదు. నన్ను చూసి చేత్తో పిలిచింది. వెళ్ళాను.

"కొమాద్రే, నీ మొగుడి దగ్గర నా మందు ఇంకా ఏమైనా మిగిలిందా?" అంది మెల్లగా. "ఉంటే గుప్పెడు తెచ్చిపెట్టమ్మా. ఎక్కడ నా చెయ్యి తప్పిందో చూసుకోవాలి. రాత్రంతా లెక్కేసుకున్నా, నాకు అందట్లేదు. వయసు మీద పడింది కదా, తక్కెట్లో తప్పు చూశానేమో."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మా ఆయన్ని బండబూతులు తిట్టినా నేను నిలబడేదాన్ని. తన చేతినే అనుమానించుకుంటోంది మనిషి. తల కొట్టేసినట్టయింది. తెస్తానని నోటితో ఒక అబద్ధం అనేసి, అన్నం గిన్నె అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చి పడ్డాను. మా పెద్దదాన్ని ఎత్తుకున్న చేతులవి.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్దగా అరుపులేం లేవు. రేపు మైదానంలో, ఆదివారం ఎక్కడ నిలబడి అన్నావో అక్కడే నిలబడి నువ్వు చెబుతావు, లేదంటే నేను చెబుతానన్నాను. మగాళ్ళ మధ్యకి ఆడదానివి నువ్వెలా వస్తావన్నాడు. ఎలా వస్తానో చూద్దువుగాని అన్నాను. చివరికి, చెప్తాలే అన్నాడు. ఆ రాత్రి ఆయన అతోలె జావ కూడా ముట్టలేదు.

మంగళవారం ఆఖరి రోజు. మైదానంలో మనిషి మీద మనిషి. మా ఆయన దళాన్ని వదిలి, దోన్యా ఎఫిహేనియా కూర్చున్న మూలకి నడిచాడు. నేను వెనకే ఉన్నాను. ఆమె ముందు నిలబడ్డాడు, నెత్తిమీది టోపీ తీశాడు. సరిగ్గా అప్పుడే రెండు పటాలాలూ ఒక్కసారిగా పేల్చాయి. అదే అదనుగా నోరు తెరిచి ఏదో అన్నాడు. పెదాలు కదలడం చూశాను గానీ, పక్కనే ఉన్న నాకే ఒక్క ముక్క వినపడలేదు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏంటి నాయనా అన్నట్టు చూసింది. మా ఆయన నా వైపు తిరిగి, చెప్పాను కదా అన్నట్టు తల ఊపాడు.

పొరపాటున అలా జరిగిందనుకుందామనుకున్నాను. కానీ నేను చూశాను. పటాలం తుపాకులు ఎత్తేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచాడు. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానా అనిపించింది. తర్వాత కోపం వచ్చింది. డప్పు వాయించేవాడి దగ్గరికి వెళ్ళి, వాడి చేతుల్లోంచి కర్రలు లాగేసుకున్నాను. డప్పు ఆగితే పటాలం ఆగుతుంది, అది మా ఊరి కట్టుబాటు. దోన్ కందెలారియో గుర్రం మీంచి, ఏంటమ్మా ఇది అని గద్దించాడు.

"మా ఆయనకి ఒక మాట చెప్పాలిట" అన్నాను. "ఈ చప్పుడులో కుదరట్లేదుట."

మెల్లగా ఆ మూలంతా సద్దుమణిగింది. అందరూ మా ఆయన వైపు చూశారు. కుక్కిన పేనులా నిలబడ్డాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ, "మందులో తప్పు లేదు. తుపాకులకి నేను కొట్టిన నూనె వల్లే పేలలేదు" అన్నాడు, గొంతులోనే.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే కదా భయపడ్డాం, ఇద్దరం. నవ్వితేనే నయంగా ఉండేదేమో.

"అటు చివర ఉన్నవాళ్ళకి వినపడలేదు నాయనా" అంది దోన్యా ఎఫిహేనియా. "పొట్లాలు తిరిగిచ్చినవాళ్ళంతా అటే ఉన్నారు."

మా ఆయన అటువైపు తిరిగాడు. ఈసారి గట్టిగా మొదలుపెట్టాడు. మంచులో మేకులు పెట్టడం, పసుపు డబ్బా, నూనెలో తడిసిన మందు, అన్నీ చెప్పాడు. ఆగిపోతాడనుకున్నాను, ఆగలేదు.

"ఆదివారం టోపీ పేలి తుపాకీ పేలని ఆ నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. గొట్టంలోంచి నూనె వాసన ముక్కుకి కొట్టింది. తెలిసే ఆవిడ పేరు చెప్పాను."

గిన్నె ముందు పెడితే, ఇప్పుడే కదా చూస్తున్నా అన్న మనిషి. ఆ మాట ఊరితో పాటు నేనూ అప్పుడే విన్నాను. డప్పు కర్రలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. వెళ్ళి ఆయన పక్కన నిలబడాలని మనసులో అనుకుని వచ్చాను పొద్దున. నిలబడలేకపోయాను.

దోన్యా ఎఫిహేనియా ఆయన్ని ఇక పట్టించుకోలేదు. నా వైపు తిరిగింది.

"నిన్న నేను మందు అడిగినప్పుడు నీకు తెలుసా కొమాద్రే?"

ఊరంతా నన్నే చూస్తోంది. తెలుసన్నాను. ఆదివారం సాయంత్రం నుంచే తెలుసన్నాను.

"వినపడలేదమ్మా" అంది ఆమె.