వాన తీసేసి పాట పెట్టాడు

ప్రూఫు రీడరుకి కళ్ళు మండిపోతున్నాయి. ఇరవై ఏళ్ళు ప్రెస్సులో పరాయివాళ్ళ తప్పులు దిద్దీ దిద్దీ, ఇన్నాళ్ళకి సొంత కథల పుస్తకం అచ్చుకొచ్చింది పాపం. సాయంత్రం ఐదింటికల్లా మెషీనెక్కాలి. ఆఖరి కథ వాళ్ళమ్మ పోయిన రోజు గురించి.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య, ఆయన తింటుంటే ఆ పేజీ తీసుకుని చదివింది.

"ఏవండీ, అందరూ మౌనంగా కూర్చున్నారని రాశారేంటి? అత్తయ్య పోయిన రోజు పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. పొద్దున్నించీ పాటలు పాడాం. మీ గొంతే అందరికంటే పైన!"

"కథ కదే, అన్నీ రాస్తామా?"

"అన్నీ అక్కర్లేదు. కానీ పుస్తకం మొత్తంలో ఒక్క ఆదివారం లేదు. మనింట్లో వారానికి ఆరు రోజులేనా?"

నిజమే. రాసేటప్పుడు చర్చి వచ్చేది, ఆయనే కొట్టేసేవాడు. పత్రికలవాళ్ళు "ఓహో, ఆ బాపతా" అంటారని భయం. చర్చిలోనేమో కథలు రాస్తానని ఇంతవరకూ నోరు విప్పలేదు. పెద్దమనిషివి, ఈ కట్టుకథలేంటి అంటారని. అక్కడో మొహం, ఇక్కడో మొహం. మోసీ మోసీ ప్రాణం విసిగిపోయింది.

చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ముందున్న ప్రెస్సు ఓనరు దగ్గరికెళ్ళాడు.

"మూడు లైన్లు కలపాలయ్యా."

"ఇప్పుడా గురువుగారూ! పేజీ నిండిపోయింది. మూడు కలిపితే మూడు తియ్యాలి."

"అందరూ మౌనంగా కూర్చుని కిటికీలోంచి వాన చూస్తున్నారని ఉంది చూడు. అది తీసెయ్."

"అయ్యో, మొత్తం పుస్తకంలో నాకు నచ్చిందే అది!"

"నాకూ అదే. తీసెయ్."

ఓనరు గొణుక్కుంటూ తీసేశాడు. ఈయన చెబుతుంటే టైపు కొట్టాడు: "పాస్టరుగారు ప్రార్థన చేశారు. అమ్మ చుట్టూ కూర్చుని పాట ఎత్తుకున్నాం. సగంలో నాకు గొంతు పూడుకుపోతే పక్కింటావిడ అందుకుంది."

కొట్టి ఆగాడు. "మిమ్మల్ని చర్చి రచయిత అని పక్కన పెట్టేస్తారండోయ్. ఆలోచించుకోండి."

"ఆలోచించీ ఆలోచించే ఇలా అయ్యాను నాయనా. పెడితే పెట్టనీ. చర్చికెళ్ళేదీ నేనే, రాసేదీ నేనే. ఇంక ఇద్దరుగా తిరిగే ఓపిక లేదు."

స్టూలు మీద కూలబడ్డాడు. సంతోషమేం ముంచుకు రాలేదు. ఆ వాన లైన్ల మీద బెంగ కూడా పోలేదు. కాసేపటికి ఓనరు కొత్త పేజీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఈయన ఒకటికి రెండుసార్లు చదివి, కింద "అచ్చు వెయ్యొచ్చు" అని రాసి సంతకం పెట్టాడు.