నిండు సీసా

తెల్లటి పలక ముందు నుంచి సీసాలు వరసగా వెళుతున్నాయి. పలక వెనక ట్యూబులైట్లు. ఒక్కో సీసా వెలుతురులోకి రాగానే కింద ఉన్న చక్రం దాన్ని ఒక్క చుట్టు తిప్పి వదిలేస్తుంది. ఆ ఒక్క చుట్టులోనే మెడ, భుజం, నడుము, అడుగు అన్నీ చూసేయాలి. బుడగ ఉంటే తీసేయాలి. రాయి ఉంటే తీసేయాలి. వెంట్రుక ఉంటే తీసి, ఎర్ర మైనం పెన్సిలుతో ఆ చోట సున్నా చుట్టి మరీ పెంకుల తొట్టిలో పడేయాలి. వెంట్రుక అని వాళ్ళు పిలుచుకునేది గాజులో సన్నటి పగుల్ని. వెలుతురులో ఒక్కసారి తళుక్కుమని మాయమైపోతుంది. అలాంటి సీసా మూత తిప్పినప్పుడు పెంకు విరిగి లోపల పడుతుంది. అక్కణ్ణించి తాగేవాడి కడుపులోకి పోతుంది.

అతను ఆ స్టూలు మీద కూర్చోవడం ఇరవైయారేళ్ళుగా. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని డేగ అంటారు. వేతనం చీటీ మీద వేరే పేరేదో ఉంటుంది గాని, ఆ పేరుతో పిలిస్తే అతను కూడా వెంటనే తిరిగి చూడడు. డేగ అని పేరు పెట్టింది అతనికి పని నేర్పిన పాత మేస్త్రీ. మొదటివారంలోనే మూడు వెంట్రుకలు పట్టుకున్నాడని మురిసిపోయి పెట్టాడు.

ఆ డేగకు ఆర్నెల్లుగా దీపాల చుట్టూ పొగలాంటిది కనబడుతోంది. మొదట ట్యూబులైట్లు పాతబడ్డాయనుకున్నాడు. కరెంటు పని చేసేవాడి వెంటపడి రెండుసార్లు మార్పించాడు. కొత్త లైట్లకు కూడా పొగ వచ్చింది. తప్పు లైట్లది కాదని అప్పటికే తెలిసిపోయింది, కానీ తెలిసిందని ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. ఒప్పుకుంటే స్టూలు పోతుంది. స్టూలు పోతే డేగ అన్న పేరు కూడా పోతుంది, యాభైమూడేళ్ళకి అతని దగ్గరున్న ఆస్తి ఆ పేరొక్కటే.

అరగంట కాగానే గంట మోగింది. ఎవరి కళ్ళైనా అంతకంటే ఆగవు. అందుకే ఇద్దరు వంతులవారీగా కూర్చుంటారు. ఒకడు స్టూలు మీద ఉంటే రెండోవాడు పెట్టెల్లోకి పోయిన సీసాల్ని అక్కడొకటి ఇక్కడొకటి తీసి చూస్తాడు. రెండో అతన్ని పొట్టాయన అంటారు. పొట్టాయన ఒక సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది నీ పెట్టెలోదే," అన్నాడు మెల్లగా.

మెడ మీద ఎర్ర సున్నా ఉంది. డేగకు సున్నా కనబడింది గాని, సున్నా లోపల ఏముందో కనబడలేదు.

"రాత్రి నిద్రలేదు," అన్నాడు.

"ఈ నెల్లో ఇది రెండోసారి. ఈసారికి పుస్తకంలో రాయను. కళ్ళలో వత్తులేసుకుని చూడు, బాబూ," అని పొట్టాయన సీసాను తొట్టిలోకి విసిరాడు. అది పగిలిన చప్పుడు డేగ చెవుల్లో షిఫ్టు అయ్యేదాకా ఉండిపోయింది.

నిద్ర లేకపోవడం మాత్రం అబద్ధం కాదు. నిన్న సాయంత్రం మేస్త్రీ భార్య ఫోను చేసింది. "డాక్టరు ఇంక మందులేవీ మార్చనన్నాడు. అడిగింది పెట్టండన్నాడు. మీ అన్న ఏం అడిగాడో తెలుసా? వాణ్ణి నిండు సీసా తెమ్మను అన్నాడు. రేపు సాయంత్రం లోపల రా."

నిండు సీసా అంటే ఏమిటో డేగకు ఎవరూ వివరించనక్కర్లేదు. వాళ్ళ చేతుల మీదుగా ఖరీదైన విస్కీ సీసాలు లక్షలు పోయాయి. అన్నీ ఖాళీవే. రిటైరైన రోజున వాటిలో ఒక్కటి, నిండుది, మంచిది కొనుక్కుని ఇద్దరూ చెరో గ్లాసు తాగాలని ఎప్పుడో అనుకున్నారు. ఇద్దరికీ తాగే అలవాటు లేదు. అయినా ఇన్నాళ్ళు చేసిన సీసాల్లో ఏం పోస్తారో రుచి చూడకుండా పోవడం ఏం బాగుంటుంది? మేస్త్రీ రిటైరవకముందే ఊపిరితిత్తులు పాడై మంచమెక్కాడు. ఇవాళా రేపూ అనుకుంటూనే ఆరేళ్ళు గడిచిపోయాయి.

డేగ చొక్కా లోపలి జేబులో కవరు ఉంది. ఇంటావిడ పప్పుల డబ్బాలో దాచి, మొన్న తీసి ఇచ్చింది. "ముందు కళ్ళు చూపించుకో. దారాన్ని సూదిలోకి ఎక్కించలేవు, నీకు సీసాలెలా కనబడుతున్నాయో నాకర్థం కాదు," అంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి అతనికి కాళ్ళు రావడం లేదు. ఆ డబ్బు మేస్త్రీకి ఖర్చుపెట్టడమంటే ఎవరైనా త్యాగమనే అనుకుంటారు. నిజానికి అందులో సగం తప్పించుకోవడమే. అది అతనికీ తెలుసు.

రెండింటికి షిఫ్టు దిగాడు. బస్సు దిగి మందు షాపు ముందు నిలబడేసరికి మూడున్నరైంది. మామూలుగా ఆ షాపు ముందు నుంచి వెళుతూ అరలలో ఉన్న సీసాల భుజాలు చూసుకుంటాడు, లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

కౌంటరు వెనక బట్టతల యజమాని తల ఎత్తాడు. "ఏం కావాలి?"

"మంచిది. చాలా మంచిది. డబ్బులు మాత్రం ఇంతే," అని డేగ కవరు మొత్తం కౌంటరు మీద పెట్టాడు. బేరానికి అది పద్ధతి కాదని అతనికి తెలియదు.

యజమాని లెక్కబెట్టాడు గాని నవ్వలేదు. అది అతని మంచితనం. "ఎవరికండీ?"

"మా మేస్త్రీకి. మంచం మీద ఉన్నాడు. ఇంక..." అని ఆగిపోయాడు.

యజమాని నిచ్చెన ఎక్కి పైఅర నుంచి పొట్టిగా, ఆకుపచ్చగా ఉన్న సీసా ఒకటి, కింది అర నుంచి పొడుగాటి తెల్ల సీసా ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టాడు. "మీ డబ్బుకి రెండే దారులు. ఇది పద్దెనిమిదేళ్ళు చెక్కపీపాలో నానింది. దీన్లో హాఫే వస్తుంది. ఇది ఫుల్లు. బాగానే ఉంటుంది, పెళ్ళిళ్ళకి తీసుకెళతారు. నన్నడిగితే హాఫ్ తీసుకోండి. పెద్దాయన తాగేది రెండు గుక్కలు. ఆ రెండూ మంచివి తాగనివ్వండి."

మాట ఎంత సూటిగా ఉందంటే డేగ చెయ్యి ఆకుపచ్చ సీసా మీదికి వెళ్ళింది కూడా. అంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావురా? కళ్ళు తెరిచినప్పుడల్లా నువ్వొచ్చావా అంటున్నాడు." మేస్త్రీ భార్య, అతను వదిన అని పిలిచే ఆవిడ.

"వచ్చేస్తున్నా వదినా. పావుగంట."

ఫోను జేబులో పెట్టుకుంటూ ఖాళీగా ఉన్న రెండో చేత్తో పొడుగాటి సీసాను ఎత్తాడు. కావాలని కాదు, చెయ్యి అలవాటు. బొటనవేలు దానంతటదే అడుగు కిందికి పోయి గాజు మీద ఉబ్బెత్తుగా ఉన్న గుర్తుల్ని తడిమింది. ముందు ఫ్యాక్టరీ గుర్తు. తర్వాత సీసాను పోసిన అచ్చు నంబరు తొమ్మిది. దాని పక్కన ఒక్క చుక్క. అంటే పొద్దుటి షిఫ్టు.

తొమ్మిదో అచ్చు! ఒకప్పుడు ఆ అచ్చు నుంచి వచ్చిన మూడు రోజుల సరుకంతా పనికిరాదని మేస్త్రీ తొట్టిలో పోయించాడు. మేనేజరు మీదమీదకి వచ్చినా స్టూలు దిగలేదు. వారం రోజుల జీతం కోసుకున్నారు. చివరికి అచ్చు విప్పి చూస్తే లోపల గీత ఉంది. అప్పట్నించీ దాని పేరు మేస్త్రీ తొమ్మిది. ఆ అచ్చు సీసా ఇప్పుడు డేగ చేతిలో ఉంది, అదీ నిండుగా. దాన్ని చూసి ముందుకు పంపింది తన షిఫ్టే.

"ఇది," అన్నాడు.

"ఆలోచించుకోండి. సీసా కాదండీ, లోపలున్నది చూడండి," అన్నాడు యజమాని.

"మాకు సీసానే కావాలి," అన్నాడు డేగ, గర్వంగా. అంత గర్వంగా అతను మాట్లాడి ఆర్నెల్లయింది.

మేస్త్రీ ఉండేది రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. మెట్లెక్కుతుంటే డేగకు ఒకటే భయం, తలుపు తెరిచేది ఏడుపు మొహమేమోనని. వదిన తలుపు తీసింది. మొహం అలసిపోయి ఉంది, అంతే. "వచ్చావా నాయనా," అంది.

కిటికీ పక్కన మంచం మీద, మూడు దిండ్లకు ఆనుకుని మేస్త్రీ కూర్చున్నాడు. ఒకప్పుడు స్టూలు నిండా కూర్చునే మనిషి, ఇప్పుడు చొక్కాలో ఎక్కడో ఉన్నాడు. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు.

"ఏదీ, ఇటివ్వు," అన్నాడు.

రెండు చేతులా అందుకున్నాడు. చేతులు సీసాతో సహా ఒళ్ళోకి దిగిపోయాయి.

"అబ్బ! ఇంత బరువా?"

"నిండుది కదన్నా."

"ముప్పైనాలుగేళ్ళు ఖాళీవి ఎత్తిన చెయ్యిరా. దీనికేం తెలుసు." మేస్త్రీ బొటనవేలు కూడా దానంతటదే కిందికి పోయింది. ఆగింది. మొహం విప్పారింది. "తొమ్మిది! ఒరే డేగా, తొమ్మిదిరా ఇది! పొద్దుటి షిఫ్టు!" నవ్వు దగ్గులోకి మారి చాలాసేపు ఆగలేదు. వదిన వీపు రాసింది. ఈ ఒక్క పనైనా సరిగ్గా చేశాననుకున్నాడు డేగ.

వదిన మూడు గ్లాసులు కడిగి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. "నాకూ ఒక చుక్క," అంది. డేగ మూత మీద చెయ్యి వేశాడు.

"ఆగరా. చూడకుండానే వదిలేస్తామా?"

మేస్త్రీ సీసాను కిటికీలోకి ఎత్తి, సాయంత్రపు ఎండకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పాడు. అడుగు, నడుము, భుజం. మెడ దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

"పెన్సిలివ్వు."

డేగ చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఇచ్చాడు. మేస్త్రీ మూతకు కాస్త కిందుగా సున్నా చుట్టి సీసా అతని కళ్ళముందు పెట్టాడు.

"కనబడిందా?"

ఎర్ర సున్నా, లోపల ఎండ. ఎండ చుట్టూ పొగ. కనబడిందన్నా అంటే సరిపోతుంది. పొద్దున్న పొట్టాయన దగ్గర అలాగే గడిచిపోయింది.

"లేదన్నా," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆర్నెల్లు."

"ఇది నాలుగు నెలల కిందటిది, అడుగున నెల గుర్తు ఉంది చూడు. ఎవరు వదిలారు? నువ్వా, పొట్టోడా?"

ఎవరో తేల్చి చెప్పే గుర్తు గాజు మీద లేదు. పొట్టాయన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే అయ్యుంటానన్నా," అన్నాడు డేగ. అనగానే ఒళ్ళు తేలికైంది, మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వదిన వాళ్ళిద్దరి వంకా చూసింది. "గుడ్డలో వడకట్టి ఇస్తాను, తాగు."

"గాజుపొడి గుడ్డకి ఆగుతుందటే?"

"ఇప్పుడు నీకు కొత్తగా అయ్యేదేముందయ్యా!" అనేసి ఆవిడ నాలుక కరుచుకుంది.

మేస్త్రీ నవ్వాడు. "నాకేం కాదులే. కానీ సున్నా చుట్టి, మళ్ళీ అందులోంచే తాగితే, ఇన్నేళ్ళూ పడేసినవన్నీ ఉత్తినే పడేసినట్టే కదే."

డేగ లేచాడు. "మార్చుకొస్తానన్నా. హాఫ్ ఉంది, చాలా మంచిదట. అతను ముందే చెప్పాడు, నేనే వినలేదు. పరుగెత్తి..."

మేస్త్రీ అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు, అయినా డేగ కూర్చున్నాడు.

"నువ్వొచ్చేదాకా ఎవరుంటారో. కూర్చో." కొంచెంసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "రేపు ఆ స్టూలు దిగు. పిల్లల దగ్గుమందు సీసాలూ ఆ లైన్లోనే పోతాయిరా."

"దిగుతానన్నా."

"పెట్టెలు మోయి, పెంకులు ఊడ్చు. కళ్ళు చూపించుకో. డబ్బులున్నాయా?"

డేగ చూపు సీసా మీదికి పోయింది. మేస్త్రీ ఆ చూపును పట్టుకున్నాడు.

"ఓరి నీ! కళ్ళజోడు డబ్బులా?" దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. "డేగ అని పేరు పెట్టింది నేనే. తప్పు నాదిలే." తర్వాత కళ్ళు మూసుకుని, "దీన్ని ఇక్కడ పెట్టు," అని ఛాతీ చూపించాడు. డేగ సీసాను పక్కకు పడుకోబెట్టి పెట్టాడు. మేస్త్రీ దాని మీద రెండు చేతులూ వేసుకున్నాడు.

"బరువు బాగుంది," అన్నాడు.

వదిన తుడిచిన గ్లాసుల్నే మళ్ళీ తుడుస్తూ వంటింట్లో నిలబడింది. డేగ మంచం పక్కనే కూర్చుని, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని సీసా వైపు చూశాడు. మేస్త్రీ ఊపిరి తీస్తే లోపలి బంగారు రంగు అటు ఒరుగుతోంది, వదిలితే ఇటు ఒరుగుతోంది. అటు, ఇటు. ఈల చప్పుడు సన్నబడింది. ఎండ మంచం మీద నుంచి గోడ మీదికి పాకింది. అటు ఒరిగి ఆగుతోంది, చాలాసేపటికి ఇటు వస్తోంది. ఒకసారి ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆర్నెల్లుగా వెంట్రుకలు కనబడని కళ్ళకు ఆ నిలిచిపోయిన బంగారు గీత మాత్రం స్పష్టంగా కనబడింది.

"వదినా," అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళి, ఆఫీసులో సంగతంతా చెప్పి, డేగ స్టూలు దిగాడు. ఆర్నెల్లుగా తను చూసి పంపిన సీసాలేవీ ఇంక అమ్మవద్దని రాయించాడు. పొట్టాయన గేటుదాకా వచ్చి భుజం తట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం, దహనం అయ్యాక, డేగ వదినను చూడడానికి వచ్చాడు. సీసా పట్టుకుపొమ్మంది. తనవల్ల కాదన్నాడు. పారేయనా అంటే వద్దన్నాడు.

అతను వెళ్ళిపోయాక కూడా అది కిటికీ గట్టు మీదే ఉంది, మూత తీయని నిండు సీసా, మెడ మీద మేస్త్రీ చుట్టిన ఎర్ర సున్నా, దాని పక్కన డేగ మర్చిపోకుండానే వదిలి వెళ్ళిన పెన్సిలు ముక్క.